లాగ్‌బుక్‌లో 570 కాన్పులు, రిజిస్టర్‌లో 49: ఒక నర్సింగ్ కళాశాల కేస్ స్టడీ

ఈ కేసు తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఉన్న ప్రైవేటు నర్సింగ్ కళాశాలది. ఊరు, కళాశాల, మనుషుల పేర్లు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. నర్సింగ్ కళాశాలల్లో పనిచేసేవాళ్లు, ఇన్‌స్పెక్షన్లకు వెళ్లేవాళ్లు చదువుతారని రాస్తున్నాను.

నేపథ్యం

ఇరవై ఆరేళ్లు నర్సింగ్ పాఠాలు చెప్పాను. నా సబ్జెక్టు ప్రసూతి నర్సింగ్. తొమ్మిదేళ్లు ప్రిన్సిపాల్‌గా ఉన్నాను, మధ్యలో ఇన్‌స్పెక్షన్ బృందాలతోనూ తిరిగాను. ఇప్పుడు అక్రెడిటేషన్‌కు, అంటే నాణ్యత గుర్తింపుకు, వెళ్లే కళాశాలలకు సలహాలిస్తున్నాను. ఈ కళాశాల కరస్పాండెంట్ గారు ఫోన్ చేసి, "మేడం, ఈ ఏడు నాక్‌కు వెళ్దామనుకుంటున్నాం. సెల్ఫ్ స్టడీ రిపోర్టు మీ చేతుల మీదుగా పోవాలి" అన్నారు. నాక్ అంటే కళాశాలల నాణ్యతను అంచనా వేసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ. దానికి కళాశాల తన గురించి తానే రాసిచ్చే నివేదిక ఆ రిపోర్టు.

బీఎస్సీ నర్సింగ్‌లో ఏడాదికి 60 సీట్లు. పక్కనే 100 పడకల సొంత ఆసుపత్రి. రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే అర్హత పత్రం (సూటబిలిటీ), రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు, యూనివర్సిటీ అఫిలియేషన్, నాలుగు కాగితాలూ సక్రమంగా ఉన్నాయి. ల్యాబులు శుభ్రంగా ఉన్నాయి. ట్యూటర్లు రోజూ వచ్చే మనుషులే, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కనిపించే పేర్లు కావు. కమ్యూనిటీ హెల్త్ పోస్టింగ్ చాలా బాగా చేస్తున్నారు. పిల్లలు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన కుటుంబ ఫైళ్లు చదివితే ముచ్చటేసింది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇది దొంగ కళాశాల కాదు. అందుకే ఈ కేసు రాయాలనిపించింది. ఇక్కడ జరిగింది మంచి కళాశాలల్లోనూ జరుగుతోంది.

బయటపడిన సమస్య

ఎక్కడికి వెళ్లినా ఫైళ్లు తెరవకముందు వార్డులు తిరగడం నాకు అలవాటు. ఆ రోజు మధ్యాహ్నం లేబర్ రూమ్‌లోకి వెళ్లేసరికి మంచాలు ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద అట్ట ఊడిన పెద్ద కాన్పుల రిజిస్టర్ ఉంది. డ్యూటీలో ఉన్న సిస్టర్ టీ ఇప్పించింది. టీ తాగుతూ పేజీలు తిప్పాను. నార్మల్ కాన్పులు చాలా తక్కువగా కనిపించాయి. ఆరు నెలల లెక్క తీశాను. మొత్తం 212 కాన్పులు, అందులో నార్మల్ 49.

మర్నాడు ఏడో సెమిస్టర్ పిల్లల ప్రసూతి లాగ్‌బుక్‌లు తెప్పించాను. ఆసుపత్రిలో తాము చేసిన పనులను పిల్లలు రాసుకునే పుస్తకాలవి. బ్యాచ్‌లో 57 మంది. ఒక్కొక్కరి పుస్తకంలో నార్మల్ కాన్పు చేసినట్టు రాయడానికి పది గడులున్నాయి. అందరివీ నిండి ఉన్నాయి, అన్నింటి కిందా ట్యూటర్ సంతకం ఉంది. పోస్టింగ్ జరిగింది సొంత ఆసుపత్రిలోనే, నేను లెక్క తీసిన ఆ ఆరు నెలల్లోనే. 57 మందికి పదేసి చొప్పున 570. రిజిస్టర్‌లో ఉన్నవి 49. ఆ 49లో ఎన్ని వీళ్ల చేతుల మీదుగా జరిగాయో రిజిస్టర్ చెప్పదు.

పుస్తకాలు ఇంకా కొంచెం దగ్గరగా చూశాను. పుట్టిన బిడ్డల బరువులు 2.8, 2.9, 3.0 కిలోల మధ్యే తిరుగుతున్నాయి. ఆడ, మగ, ఆడ, మగ అని వరసగా వస్తున్నాయి. పుట్టగానే బిడ్డ పరిస్థితి చూసి పదికి వేసే అప్గార్ స్కోరు అందరికీ 8, 9. అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది టైము గడి. ప్రతి కాన్పూ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 లోపే జరిగింది. రాత్రి పుట్టిన బిడ్డ ఒక్కరూ లేరు, ఆదివారం పుట్టిన బిడ్డ లేరు. లేబర్ రూమ్‌లో ఒక్క వారం పనిచేసిన మనిషి ఎవరూ అలా రాయరు. తెల్లవారుజామున మూడింటికి కళ్లు మండుతుండగా తొడుక్కున్న గ్లవ్స్ మర్చిపోయేవి కావు.

ఒక అమ్మాయిని పిలిచి, కోప్పడకుండా, "తల బయటికొచ్చేటప్పుడు నీ ఎడమ చేయి ఎక్కడుంటుందమ్మా?" అని అడిగాను. పుస్తకంలో ఉన్న వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పింది. చేత్తో చూపించమన్నాను. రెండు చేతులూ గాల్లో ఆగిపోయాయి. కాసేపటికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మేడం, మూడు చూసిన. ఒక్కటి గూడ చెయ్యలే" అంది.

ఎందుకిలా జరిగింది

పిల్లలు అబద్ధాలు రాశారు, ట్యూటర్లు కళ్లు మూసుకుని సంతకాలు పెట్టారు అని తేల్చేసి వచ్చేస్తే ఈ కేసులో నేర్చుకునేదేమీ ఉండదు. పోస్టింగ్‌కు పంపిన చోట నార్మల్ కాన్పులే లేకపోతే పిల్లలు ఏం చేస్తారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. దాని ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఈ ఆసుపత్రి లెక్క ఆ సగటుకు దగ్గరగానే ఉంది. సొంత ఆసుపత్రి ఉండాలన్న నిబంధన పిల్లలకు పని నేర్పడానికే పుట్టింది. కానీ ఆ ఆసుపత్రి ప్రైవేటుదైతే, ప్రసూతి విషయంలో మాత్రం పిల్లలకు దొరికేది ఆపరేషన్ థియేటర్ గుమ్మమే.

పడకల లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. కౌన్సిల్ నిబంధన ప్రకారం క్లినికల్‌లో ఒక విద్యార్థికి ముగ్గురు రోగులుండాలి. నాలుగేళ్ల బ్యాచ్‌లు కలిపితే 240 మంది. ఒక రోజు సగం మందే వార్డులకు వెళ్లారనుకున్నా 360 మంది రోగులు కావాలి. 100 పడకల ఆసుపత్రి నిండుగా ఉన్నా వంద మందే. మిగతా వాళ్లకు వేరే ఆసుపత్రులతో అఫిలియేషన్ పెట్టుకోవాలన్నది అందుకే. ఈ కళాశాలకూ కాగితం మీద రెండు అఫిలియేషన్లున్నాయి. మెడికల్, సర్జికల్ పోస్టింగ్‌లకు వాడుకుంటున్నారు. ప్రసూతికి మాత్రం సొంతది ఉందిగా అని వదిలేశారు.

ఇన్‌స్పెక్షన్లలో ఇది ఎందుకు పట్టుబడలేదు? నేనూ ఆ బృందాల్లో తిరిగినదాన్నే కాబట్టి చెప్పగలను. పడకలు లెక్కపెడతాం. ట్యూటర్ల సర్టిఫికెట్లు చూస్తాం. ల్యాబులో బొమ్మలున్నాయా, లైబ్రరీలో పుస్తకాలున్నాయా చూస్తాం. లాగ్‌బుక్‌లు బల్ల మీద పేర్చి ఉంటాయి, పైన ఉన్న రెండు తెరిచి నిండి ఉన్నాయా అని చూస్తాం. అదే ఆసుపత్రి లేబర్ రూమ్ రిజిస్టర్ తెప్పించి పక్కన పెట్టుకుని పోల్చమని మా ఫారంలో ఎక్కడా లేదు. ఫారంలో లేనిది అడిగే టైము ఆ ఒక్క రోజులో దొరకదు. ఇన్ని ఏళ్లలో నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఇన్‌స్పెక్షన్లు కఠినం చేస్తే చాలనేవాళ్లకు మధ్యప్రదేశ్ గుర్తుచేయాలి. అక్కడ హైకోర్టు ఆదేశం మీద సీబీఐ నర్సింగ్ కళాశాలల తనిఖీకి దిగింది. 2024లో ఆ తనిఖీల్లోనే లంచాలు తీసుకున్నారని సీబీఐ తన అధికారులనే అరెస్టు చేయాల్సి వచ్చింది. ఎవరు చూస్తున్నారన్నదానితో పాటు, ఏ కాగితాన్ని ఏ కాగితంతో పోల్చి చూస్తున్నారన్నదీ అంతే ముఖ్యం.

మొదటి నిర్ణయం

నా ముందు మూడు దారులు కనిపించాయి. నాకు సంబంధం లేదని ఫీజు వాపసిచ్చి వచ్చేయడం. యూనివర్సిటీకి నేనే నేరుగా రాసేయడం. లేదా కళాశాలతోనే చెప్పించి, కళాశాలతోనే సరిదిద్దించడం.

వచ్చేస్తే నా చేతులు శుభ్రంగా ఉంటాయి, ఆ 57 మందీ అలాగే డిగ్రీ పట్టుకుని బయటికొస్తారు. రిజిస్ట్రేషన్‌లో వాళ్ల పేరు పక్కన నర్సు అనే కాదు, మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేయగల మనిషి, అని కూడా రాస్తారు. ఆ మాటను నమ్మి ఒక తల్లి రేపు వాళ్ల ముందు పడుకుంటుంది. నేను నేరుగా రాస్తే మొదటి దెబ్బ పిల్లలకే తగులుతుంది. ఫీజులు కట్టడానికి అప్పులు చేసిన ఇళ్ల పిల్లలు వాళ్లు. తప్పు వ్యవస్థది, శిక్ష వాళ్లకా? అందుకే మూడో దారి. కానీ దానికి ఒక గట్టి ఆధారం కావాలి, లేకపోతే మేనేజ్‌మెంట్ వినదు.

ఆధారం నిబంధనల్లోనే దొరికింది. 2021 జూలైలో గెజిట్‌లో వచ్చిన బీఎస్సీ నర్సింగ్ సవరించిన నిబంధనల ప్రకారం పరీక్షకు కూర్చోవడానికి 80 శాతం హాజరు చాలు. కానీ డిగ్రీ ఇచ్చేముందు ప్రతి ప్రాక్టికల్ విభాగంలోనూ 100 శాతం హాజరు పూర్తి కావాలి. అంటే లోటు పూడ్చుకునే చోటు నిబంధనే వదిలింది. పిల్లలు ఇంకా ఏడో సెమిస్టర్ మొదట్లోనే ఉన్నారు. ఎనిమిదోది మొత్తం ఇంటర్న్‌షిప్. టైము ఉంది.

కరస్పాండెంట్ గారితో ఆ సాయంత్రం రెండు గంటలు కూర్చున్నాను. ఆ 57 లాగ్‌బుక్‌లను ఏ రిపోర్టుకూ జత చేయకూడదని, ప్రసూతి ప్రాక్టికల్స్ పూర్తి కాలేదని, అదనపు పోస్టింగ్ ఏర్పాటు చేస్తున్నామని కళాశాలే యూనివర్సిటీకి రాయాలని, అక్రెడిటేషన్ అప్పటిదాకా ఆపాలని చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "మేడం, మన కొంప మనమే ముంచుకోవడం కాదా?" అన్నారు. "నాక్‌లో మనం ఇచ్చిన ప్రతి అంకెనూ డేటా వెరిఫికేషన్‌లో వెనక్కి అడుగుతారు. అప్పుడు వాళ్లు లేబర్ రూమ్ రిజిస్టర్ అడిగితే ఏం చూపిస్తారు? మనంతట మనం చెప్పిన లోటుకు గడువిస్తారు. వాళ్లు పట్టుకున్న లోటుకు నోటీసిస్తారు" అన్నాను. ఆయన ఆ రాత్రి ఏమీ తేల్చలేదు. మూడో రోజు ఒప్పుకున్నారు. ఆయన కూతురికి ఆ ఏడే కాన్పయిందని, ఆ ఇంట్లో ఈ విషయం మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది.

యూనివర్సిటీ నుంచి జవాబు రావడానికి ఏడు వారాలు పట్టింది. తేదీలతో పోస్టింగ్ ప్లాన్ అడిగారు, నెలనెలా రిపోర్టు పంపమన్నారు. జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు, ఈలోపే మొదలుపెట్టాం.

పనిచేయని రెండు ప్రయత్నాలు

మొదటిది బొమ్మ. కాన్పు చేయడం నేర్పే మంచి బొమ్మ ఒకటి కొనిపించాం. వరసక్రమం అందరికీ వచ్చేసింది: తల వంచి ఉంచడం, మెడ చుట్టూ బొడ్డుతాడు ఉందేమో చూడటం, భుజాలు, బిడ్డను తల్లి పొట్టమీద వేసి తుడవడం, నిమిషంలోపు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండలోకి. నెల రోజుల్లో అందరూ చకచకా చేసేస్తున్నారు. నాకూ ఆశ కలిగింది. అయితే బొమ్మ నొప్పితో అరవదు. చేయి పట్టుకుని "నేను సచ్చిపోత సిస్టర్" అనదు. అన్నిటికీ మించి, బొమ్మ దగ్గర ఎదురుచూపు లేదు. అరగంటకోసారి బిడ్డ గుండె వింటూ, కాన్పు ఎలా ముందుకు సాగుతోందో గీసే పార్టోగ్రాఫ్ మీద గీత ఎటు పోతోందో చూస్తూ, ఆరు గంటలు చేతులు పెట్టకుండా కూర్చోవడమే ప్రసూతిలో సగం పని. అది బొమ్మ నేర్పదు. బొమ్మను తీసేయలేదు. మొదటిసారి వణుకు తగ్గించడానికి అది పనికొచ్చింది. దాన్ని కాన్పుల లెక్కలోకి మాత్రం రానివ్వలేదు.

రెండోది నా తప్పే. కాన్పులు ఎక్కువ ఎక్కడ జరుగుతాయో అక్కడికే పంపాలని, పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి అనుమతి తెచ్చి, రోజూ 20 మందిని బస్సులో ఉదయం తొమ్మిదికి దింపి నాలుగింటికి వెనక్కి తెచ్చాం. పన్నెండు రోజుల్లో మా పిల్లలు చేతులు పెట్టిన కాన్పులు ఏడు. అక్కడ హౌస్ సర్జన్లున్నారు, వాళ్ల తర్వాత ప్రభుత్వ కళాశాల పిల్లలు, జీఎన్ఎం, ఏఎన్ఎం లాంటి వేరే నర్సింగ్ కోర్సుల వాళ్లు. మావాళ్లు గోడ వారగా నిలబడ్డారు. ఇరవై మంది గుంపుగా నిలబడి చూస్తుంటే ఆ తల్లి పరిస్థితి ఏమిటో నేను ముందే ఆలోచించాల్సింది. ఒక స్టాఫ్ నర్సు విసిగిపోయి, "మేడం, మీ పిల్లలు నాలుగింటికి పోతరు, నా కాన్పులన్నీ నాలుగు దాటినంకనే" అంది. ఆ ఒక్క మాటతో నా ప్లాన్ కూలిపోయింది. లాగ్‌బుక్‌లలో రాత్రి కాన్పులు లేవని చూసి బాధపడినదాన్ని, నేనూ పిల్లల్ని పగలే పంపాను.

ట్యూటర్ చెప్పిన మాట

ఆ వారం ప్రసూతి విభాగం ట్యూటర్లు ముగ్గురితో కూర్చున్నాను. సంతకాలు ఎందుకు పెట్టారని అడగలేదు. మీరు ఎన్ని కాన్పులు చేశారని అడిగాను. ఒకామె యాభై దాటి చేసింది, జిల్లా ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. రెండో ఆమె తల దించుకుంది. మూడో అమ్మాయి, నాలుగేళ్లుగా అక్కడ ప్రసూతి చెబుతున్నది, చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉండిపోయి, "నాలుగు, మేడం. నా లాగ్‌బుక్ కూడా అట్లనే నిండింది" అంది.

ఆ మాటతో నా ఆలోచన మొత్తం తిరిగింది. అప్పటిదాకా నేను 57 మంది పిల్లల లోటు పూడ్చాలని చూస్తున్నాను. ఈ లోటు ఒక తరం నుంచి ఇంకో తరానికి నడుస్తోంది. తాను చేయని పని ఎదుటివాళ్లు చేశారో లేదో ఆమె ఎలా పట్టుకుంటుంది? అడగడానికే ధైర్యం చాలదు. సంతకం పెట్టేయడమే తేలిక. ముందు ట్యూటర్లకు నేర్పాలి. పిల్లలకు ఇంకో మూడు వారాలు ఆలస్యమైనా సరే.

పనిచేసింది

కళాశాలకు 26 కిలోమీటర్ల దూరంలో ఒక ఏరియా ఆసుపత్రి ఉంది. మైదాన ప్రాంతంలో అఫిలియేషన్‌కు ఉన్న 30 కిలోమీటర్ల హద్దు లోపలే. నెలకు సగటున 90 దాకా నార్మల్ కాన్పులు అవుతాయి. అక్కడ హౌస్ సర్జన్లు లేరు, వేరే కళాశాలల పిల్లలు రారు. ముఖ్యంగా, అక్కడ మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ పొందిన సిస్టర్ ఒకరున్నారు. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో మొదలైన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ గురించి నర్సింగ్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. తర్వాత 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ శిక్షణ ఫలితం ఎలా ఉంటుందో నేను ఈ లేబర్ రూమ్‌లో కళ్లారా చూశాను. నొప్పులు పడుతున్న తల్లులు నడుస్తున్నారు, పక్కకు ఒత్తిగిలి ఉన్నారు, పక్కన అత్తో అమ్మో ఉంది. ఎవరూ అరవడం లేదు.

ముందు ముగ్గురు ట్యూటర్లూ మూడు వారాలు అక్కడే డ్యూటీ చేశారు, రాత్రులతో సహా. తర్వాతే పిల్లలు. షిఫ్టుకు ఇద్దరు చొప్పున, మూడు షిఫ్టులు, రోజుకు ఆరుగురు. ఇద్దరే ఎందుకంటే, ఒకరు కాన్పు చూసుకుంటే ఇంకొకరు బిడ్డను చూసుకోవాలి, మూడో మనిషికి పని లేదు. పని లేని మనిషి లేబర్ రూమ్‌లో ఉండకూడదు. షిఫ్టు షిఫ్టుకూ ఒక ట్యూటర్ వెంట ఉండేలా మెడికల్ సర్జికల్ విభాగం నుంచీ ఇద్దరిని తెచ్చి, వాళ్లకూ అదే శిక్షణ ఇప్పించాం.

రాత్రి డ్యూటీ అనగానే తల్లిదండ్రులు భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. ఒక ఆదివారం అందరినీ పిలిచి మాట్లాడాం. కళాశాల బండిలోనే తీసుకెళ్లి తీసుకురావాలని, వెంట ట్యూటర్ ఉండాలని, లేబర్ రూమ్ పక్కన తలుపు గడియ పడే గది, బాత్రూమ్ ఉండాలని వాళ్లు అడిగారు. అన్నీ సబబైన కోరికలే. గదికి గడియ మేమే బిగించాం. మేనేజ్‌మెంట్‌కు ఖర్చయింది. రాత్రి చేసిన ట్యూటర్‌కు మర్నాడు సెలవు ఇవ్వడం దగ్గర మాత్రం పది రోజులు పేచీ నడిచింది. క్లాసులు ఎవరు చెబుతారన్నారు. ఒక ట్యూటర్ నిద్రలేక క్లాసులో కళ్లు తిరిగి పడిపోయాకే ఒప్పుకున్నారు. అంతదాకా పోనివ్వకుండా నేను ముందే గట్టిగా పట్టుబట్టాల్సింది.

తల్లి అనుమతి గురించి విడిగా చెప్పాలి. ప్రతి విద్యార్థీ నొప్పుల మొదట్లోనే వెళ్లి తన పేరు చెప్పి, "అక్కా, నేను నేర్చుకుంటున్న. సిస్టర్ నా పక్కనే ఉంటది. నేనుంటే నీకు పర్వాలేదా?" అని అడగాలి. కొందరు వద్దన్నారు. వద్దంటే వద్దే, మొహం ముడుచుకోకుండా బయటికి రావాలి. ప్రభుత్వాసుపత్రికి వచ్చిన పేద తల్లి మీద నేర్చుకోవడం మన హక్కు కాదు. ఆమె ఒప్పుకుంటేనే మనకు పని.

లాగ్‌బుక్‌ను మార్చేశాం. తల్లి పేరు రాయొద్దు, లేబర్ రూమ్ రిజిస్టర్ వరస నంబరు రాయాలి, కాన్పు టైము రాయాలి. పక్కన మూడు మాటల్లో ఒకటి: చూశాను, సాయం చేశాను, చేశాను. ఆ షిఫ్టు ముగిసేలోపు డ్యూటీ సిస్టర్ సంతకం, ట్యూటర్ సంతకం. తెల్లారితే సంతకం చెల్లదు. నెలాఖరున ప్రిన్సిపాల్ రిజిస్టర్ ముందు పెట్టుకుని పది ఎంట్రీలు ఎక్కడినుంచైనా తీసి పోల్చాలి. "చూశాను" అని రాయడం మొదట్లో పిల్లలకు చిన్నతనంగా అనిపించింది. ఐదారు సార్లు సరిగ్గా చూడకుండా ఎవరూ సరిగ్గా చేయలేరని ఆ సిస్టరే వాళ్లకు నచ్చజెప్పింది.

ఒక రాత్రి నేనూ అక్కడున్నాను. లాగ్‌బుక్ అడిగినప్పుడు కళ్లల్లో నీళ్లు పెట్టుకున్న ఆ అమ్మాయే డ్యూటీలో ఉంది. తొలిచూలు తల్లి, ఊపిరి బిగబట్టి ముక్కుతోంది. అమ్మాయి కంగారుగా చేతులు ముందుకు చాపింది. సిస్టర్ ఆమె మణికట్టు మీద వేలు పెట్టి ఆపి, "చేతులు గాదు బిడ్డా, ముందుగాల చెవులు పెట్టు. ఆమె ఊపిరి ఇను" అంది. తల్లి ఊపిరి వదిలినప్పుడల్లా తల కొంచెం కొంచెం ముందుకొచ్చింది. అమ్మాయి ఎడమ అరచేయి ఈసారి గాల్లో ఆగలేదు. బిడ్డ ఏడ్చాక, మాయ పడ్డాక, దాన్ని ట్రేలో పరిచి ముక్కలేమైనా లోపల మిగిలాయేమో లైటు కింద వెతుకుతూ అమ్మాయి పది నిమిషాలు తలెత్తలేదు. ఎవరూ అడగకుండానే పొట్టమీద చేయి పెట్టి గర్భసంచి గట్టిపడిందా అని మళ్లీ మళ్లీ చూసుకుంది.

ఫలితం

ఐదు నెలల్లో ఆ ఏరియా ఆసుపత్రిలో మా పిల్లలు సిస్టర్ల పర్యవేక్షణలో చేసిన నార్మల్ కాన్పులు 318. పది పూర్తయినవాళ్లు 18 మంది. మిగిలిన 39 మందికి సగటున మూడున్నర. పాత పుస్తకాల్లోని 570తో పోలిస్తే ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ ఇందులో ప్రతిదానికీ రిజిస్టర్‌లో ఒక వరస నంబరు ఉంది. మిగతావాళ్లు ఇంటర్న్‌షిప్‌లో కొనసాగించారు. మాతా శిశు ఆసుపత్రి ఇంకొకటి కలిసొచ్చింది. చివరికి 51 మందికి పది పూర్తయ్యాయి. ఆరుగురు మిగిలారు. వాళ్లు ఇంకో ఆరు వారాలు ఉండి పూర్తిచేశాకే డిగ్రీ కాగితాలు కదిలాయి. ఆ ఆరుగురిలో ఇద్దరి ఇళ్లల్లో పెద్ద గొడవైంది, ఒకమ్మాయికి వచ్చిన ఉద్యోగం పోయింది. ఆ అమ్మాయికి మేం చేసిన నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఆమె చేయని తప్పుకు ఆమె కట్టిన ధర అది.

అక్రెడిటేషన్ ఒక ఏడాది వెనక్కి పోయింది.

నేను నేర్చుకున్నది, ఇంకా తేలనిది

లాగ్‌బుక్‌ను ఒంటరిగా చూడకూడదు. ఏ పనికైనా ఆసుపత్రిలో ఇంకో రిజిస్టర్ ఉంటుంది: కాన్పులకు లేబర్ రూమ్ రిజిస్టర్, క్యాథెటర్లకూ రక్తం ఎక్కించడానికీ వార్డు రికార్డులు. ఇన్‌స్పెక్షన్ ఫారంలో ఒక్క గడి చాలు: గత ఆరు నెలల్లో నార్మల్ కాన్పులు ఎన్ని, లాగ్‌బుక్‌లలో రాసినవి ఎన్ని. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కళాశాలలను అంచనా వేసి రేటింగ్ ఇవ్వడానికి ఆ చట్టంలో ప్రత్యేకంగా ఒక బోర్డు ఉంది. ఆ బోర్డు చదరపు అడుగుల కంటే ముందు ఈ గడి నింపించాలని నా కోరిక. మిడ్‌వైఫరీ అన్న మాటను చట్టం పేరులోనే పెట్టుకున్నాం కదా.

2023 బడ్జెట్‌లో 157 కొత్త నర్సింగ్ కళాశాలలు ప్రకటించారు. ప్రభుత్వ మెడికల్ కళాశాలల పక్కనే పెడుతున్నారు కాబట్టి రోగులకు కొదవ ఉండదు. అయితే నా రెండో ప్రయత్నం విఫలమైంది సరిగ్గా అలాంటి చోటే. హౌస్ సర్జన్ల వెనక నర్సింగ్ పిల్లల వరస ఎక్కడ ఉంటుందో ముందే రాసి పెట్టుకోకపోతే వాళ్లూ గోడ వారగా నిలబడాల్సిందే.

అన్నిటికన్నా కష్టమైనది సీట్ల లెక్క. ఆ చుట్టుపక్కల దొరికే నార్మల్ కాన్పులతో ఏడాదికి 40 మందికి మించి నిజాయితీగా నేర్పలేం. 60 సీట్లను 40కి తగ్గించమని యూనివర్సిటీని అడగాలని రాసిచ్చాను. కరస్పాండెంట్ గారు జీతాల లెక్క చూపించారు. అది కూడా అబద్ధం కాదు. ఇరవై సీట్ల ఫీజు పోతే ట్యూటర్లలో ఇద్దరిని తీసేయాలి, ట్యూటర్లు తగ్గితే రాత్రి షిఫ్టు నడవదు. నా దగ్గర దానికి జవాబు లేదు. ఆ కాగితం ఆయన సొరుగులోనే ఉంది.

ఈ మధ్య ఆ కళాశాలకు వెళ్లాను. తర్వాతి బ్యాచ్ ఆరో సెమిస్టర్‌లోకి వచ్చింది. నాలుగు కాన్పులే చేశానని చెప్పిన ఆ ట్యూటర్ ఇప్పుడు రాత్రి షిఫ్టుల పట్టిక వేస్తోంది. ఆమె బల్ల మీద పిల్లల కొత్త లాగ్‌బుక్‌ల పక్కన తనది కూడా ఒకటుంది, 63 దాకా వచ్చింది. పైన ఉన్న పిల్లల పుస్తకం ఒకటి తెరిచాను. ఒకే ఎంట్రీ ఉంది. రిజిస్టర్ వరస నంబరు, ఆడబిడ్డ, 2.35 కిలోలు, ఆదివారం రాత్రి 2.40. పక్కన గుండ్రటి అక్షరాలతో "చూశాను" అని రాసి ఉంది.